కొండ మీద మస్జిద్, దాని పక్కన తోట

నెల్లూరు జిల్లా పడమటి సరిహద్దున వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టు సాగుతాయి. ఆ ప్రాంతానికి పేరు తెచ్చినది ఉదయగిరి దుర్గం. ఎత్తు 3,079 అడుగులు. పూర్వం ఇక్కడ 13 కోటలుండేవని, వాటిలో 8 కొండ మీద, 5 కొండ కింద ఉండేవని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. గజపతుల ఏలుబడిలో ఉన్న ఈ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయల సైన్యం ఏడాదికి పైగా ముట్టడి సాగించింది. 1514లో గానీ అది స్వాధీనం కాలేదు. 17వ శతాబ్దంలో కోట గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి వచ్చింది.

ఆ దుర్గం మీద ఒక మస్జిద్ ఉంది. దానికి సంబంధించి రెండు పారశీక శాసనాలున్నాయి. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా సేనలు కోటను జయించిన తరువాత షేక్ హుసేన్ అనే వ్యక్తి ఆ మస్జిద్‌ను కట్టించాడని, ఒక తోటను కూడా నాటించాడని ఆ శాసనాల సారాంశం.

మస్జిద్ కట్టించినవారు శాసనం వేయించడం వింత కాదు. తోట నాటిన సంగతిని సైతం రాతిపై చెక్కించదగిన సత్కార్యంగా ఆనాటివారు ఎంచడం గమనించదగినది. నేటి మన మస్జిద్‌ల గోడలపై ఉన్న పాలరాతి పలకలను చదవండి. ఫ్యాన్లు ఇచ్చినవారి పేర్లుంటాయి, టైల్స్ వేయించినవారి పేర్లుంటాయి, ఏసీ యంత్రం కొనిచ్చినవారి పేర్లుంటాయి. చెట్టు నాటినవారి పేరు ఎక్కడైనా కనిపించిందా? ఆ కాలానికీ ఈ కాలానికీ మధ్య మనం పోగొట్టుకున్నదేమిటో ఈ ఒక్క ప్రశ్న చెబుతుంది.

‘ఎలా’ అని అడగమన్న గ్రంథం

భూమి మీద తొలి సమాధిని ఎలా తవ్వాలో మనిషికి చూపినది ఒక కాకి. ఆదం (అలై) కుమారుల వృత్తాంతాన్ని సూరా మాయిదా 31వ ఆయతులో చదివినవారికి ఇది తెలిసినదే. సోదరుణ్ణి చంపి, ఆ దేహాన్ని ఏం చేయాలో తెలియక నిలబడిన మనిషి ముందుకు అల్లాహ్ కాకిని పంపాడు. అది నేలను గీకి చూపింది. పక్షి గురువైంది, మనిషి శిష్యుడయ్యాడు.

సూరా నహ్ల్ 68వ ఆయతు తేనెటీగ గృహనిర్మాణం గురించి చెబుతుంది. కొండల్లో, చెట్లలో, మనుషులు లేపే కట్టడాల్లో ఇళ్లు ఏర్పరచుకోమని దాని ప్రభువు దానికి ప్రేరణ కలిగించాడు. అదే సూరా 81వ ఆయతు, అల్లాహ్ తాను సృష్టించినవాటి నుండి మనకు నీడలు కల్పించాడని, కొండల్లో ఆశ్రయాలు ఏర్పరచాడని గుర్తు చేస్తుంది. నీడ కూడా ఒక అనుగ్రహమేనని, దానిని లెక్కించమని ఇక్కడ మనకు బోధ.

సూరా గాషియా 17 నుండి 20 వరకు ఉన్న ఆయతులు ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, భూమిని చూడమంటాయి. ఆ నాలుగింటిలోనూ ‘కైఫ’ అనే పదం వస్తుంది. దాని అర్థం ‘ఎలా’. ఒంటె ఉందని తెలుసుకోవడంతో పని ముగియదు. అది ఎలా సృష్టించబడిందో, కొండ ఎలా నిలబెట్టబడిందో పరిశీలించమని ఆదేశం. అరబీ వ్యాకరణం నేర్పేటప్పుడు ఈ పదం దగ్గర మేము చాలాసేపు ఆగుతాము. వ్యాకరణం కోసం ఆగినవారు అర్థం కోసం కూడా ఆగాలి కదా!

కొండ దారిలో పాఠం

ఈశాన్య రుతుపవనాల వానలు వెనుదిరిగి, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో పై తరగతి విద్యార్థులను ఉదయగిరికి తీసుకువెళుతుంటాను. బయలుదేరే ముందు ప్రతి ఒక్కరికీ ఒక కాగితం, ఒక పెన్సిలు ఇస్తాను. పని చిన్నదే. మనిషి కట్టని ఇల్లు ఒకటి వెతకాలి. మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఆ ఇంటికి వచ్చే కష్టం ఏమిటి? దానిని దేనితో కట్టారు? ఆ కష్టాన్ని అది ఎలా తట్టుకుంటోంది?

ఒక ఏడు ఒక పిల్లవాడు కొండ చరియకు వేలాడే తేనెపట్టును ఎన్నుకున్నాడు. “హజ్రత్, పైన బండ ముందుకు వచ్చి ఉంది. అందుకే వాన పట్టు మీద పడదు. మధ్యాహ్నపు ఎండ కూడా తగలదు” అని రాశాడు. అతడు రాసినది చూరు గురించి. మన పాత ఇళ్లకు చూరు ఉండేది. గోడ ఎండకుండా, తడవకుండా కాపాడేది. నేటి మన పల్లెల్లో లేస్తున్న అనేక కాంక్రీటు ఇళ్లకు చూరు లేదు, కిటికీ మీద సజ్జా కూడా ఉండడం లేదు. తేనెటీగ మరువని విషయాన్ని మేస్త్రీ మరిచాడు.

ఆ పట్టులోని గదులు ఆరు పలకలుగా ఎందుకున్నాయో పిల్లలు గీసి చూడవచ్చు. వలయాలను పక్కపక్కన పేర్చితే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. త్రికోణాలు, చతురస్రాలు, షట్కోణాలు ఖాళీ లేకుండా అమరుతాయి. సమాన వైశాల్యం గల గదులుగా స్థలాన్ని పంచేటప్పుడు అతి తక్కువ గోడతో సరిపెట్టేది సమ షట్కోణమే. పూర్వ గ్రీకు పండితులు ఊహించిన ఈ సంగతికి పూర్తి గణిత నిరూపణ దొరికినది 1999లో. థామస్ హేల్స్ అనే గణిత శాస్త్రవేత్త దానిని నిరూపించాడు. మనిషి శతాబ్దాలపాటు వెతికిన జవాబును తన ప్రభువు ప్రేరణతో తేనెటీగ ప్రతి ఏటా మైనంతో రాస్తూనే ఉంది.

కొండ మీది నీరు మరో పాఠం. ఒక సైన్యం ఏడాదికి పైగా పైన నిలిచిందంటే, తిండి ఎంత నిలవ ఉన్నా నీరు లేనిదే అది సాధ్యం కాదు. బండల వాలును గమనించి, వాన నీరు తనంత తానుగా చేరే పల్లాల్లో నిలుపుకున్నవారే ఎత్తైన దుర్గాల్లో బతకగలిగారు. కొండకు ఎదురు తిరిగి కట్టినవారు కారు వారు, కొండను చదివి కట్టినవారు.

చెక్కను చదివే చేతులు

కొండ దిగితే ఉదయగిరి పట్టణంలో మరో బడి ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు తయారయ్యేది ఇక్కడే. ఈ పనిలో అధికులు ముస్లిం కుటుంబాలవారు. స్త్రీలు ఇంటి పని ముగించుకుని చెక్క పనికి కూర్చుంటారు. నర్ది, బిక్కి, దేవదారు వంటి చెక్కలు వారికి ముడిసరుకు.

పిల్లలను అక్కడ కూర్చోబెట్టి నేను ఏమీ మాట్లాడను. పనివారి చేతులే మాట్లాడతాయి. చెక్కలో నార ఎటు సాగిందో చూసి దానికి అనుగుణంగా కాడను తీస్తారు. నారకు అడ్డంగా కోస్తే సన్నని కాడ చిట్లిపోతుంది. ఏ చెక్క గరిటెకు పనికివస్తుందో, ఏది నగిషీకి లొంగుతుందో వారికి తెలుసు. వారిలో చాలామంది పాఠశాలలో పెద్దగా చదువుకున్నవారు కారు. అయినా చెట్టు పెరిగిన తీరును చదివి వస్తువును రూపొందించడంలో వారు పండితులు. వాస్తు శిల్ప కళాశాలల్లో ఈ రోజు ‘ప్రకృతి నుండి రూపకల్పన’ అని ప్రత్యేకంగా బోధిస్తున్న విషయం ఈ వీధుల్లో అమ్మ నుండి కూతురికి, తండ్రి నుండి కొడుకుకు అందుతూ వస్తోంది.

పుట్ట చెప్పే సంగతి

ఉదయగిరి నుండి ఆత్మకూరు వైపు వచ్చే దారిలో మెట్ట భూములు, ముళ్లపొదలు, అక్కడక్కడా మనిషి ఎత్తు పుట్టలు. మనం పాము పుట్ట అంటాము గానీ కట్టినది పాము కాదు, చెదపురుగు. పుట్టలోపల చెదలు ఒక రకం బూజును సాగు చేసి తింటాయి. వానలు పడ్డాక పుట్ట మీద లేచే గొడుగులు దాని నుండి వచ్చినవే. ‘పుట్టగొడుగు’ అని పేరు పెట్టిన మన పూర్వీకులు ఈ సంబంధాన్ని కళ్లారా చూసినవారు.

లక్షల ప్రాణులు ఊపిరి తీసే ఆ మట్టి కట్టడంలోకి గాలి ఎలా వెళుతుంది? దక్షిణ భారతంలో కనిపించే చెదపుట్టలనే పరిశీలించి కొందరు శాస్త్రవేత్తలు 2015లో ఒక జవాబు ప్రకటించారు. పుట్ట వెలుపలి అంచుల్లో సన్నని గొట్టాల వంటి దారులుంటాయి, నడుమ లోతైన పెద్ద దారి ఉంటుంది. పగలు ఎండకు అంచులు త్వరగా వేడెక్కుతాయి. అక్కడ గాలి పైకి లేస్తుంది, నడిమి దారిలో కిందికి దిగుతుంది. రాత్రి అంచులు త్వరగా చల్లబడతాయి, ప్రవాహం తిరగబడుతుంది. పగటికీ రాత్రికీ ఉన్న తేడాయే ఆ ఇంటికి ఊపిరి. రాత్రింబగళ్లు ఒకదాని వెంట ఒకటి రావడంలో బుద్ధిమంతులకు సూచనలున్నాయని ఖుర్ఆన్ పలుమార్లు చెబుతుంది. ఆ సూచనల్లో ఒకటి మన పొలం గట్టునే ఉంది.

ఆఫ్రికాలోని జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో ఈస్ట్‌గేట్ అనే పెద్ద భవనం ప్రారంభమైంది. రూపశిల్పి మిక్ పియర్స్ చెదపుట్టల నుండి ప్రేరణ పొంది, రాత్రి చల్లగాలిని భవనంలోకి పంపి దాని బరువైన కాంక్రీటును చల్లార్చే పద్ధతిని అమర్చాడు. పగలు లోపలి వేడి పొగగొట్టాల వంటి మార్గాల గుండా పైకి పోతుంది. మామూలు ఏసీ భవనాలతో పోలిస్తే విద్యుత్తు ఖర్చు చాలా తక్కువ.

ఈ కథకు ఒక తరువాయి ఉంది. 2008లో టర్నర్, సోర్ అనే పరిశోధకులు, పుట్టలు లోపలి వేడిని అదుపు చేస్తాయన్న పాత అభిప్రాయం సరికాదని, పుట్ట పని ముఖ్యంగా ఊపిరితిత్తుల పని వంటిదని వాదించారు. భవనం బాగానే పని చేస్తోంది, కానీ పుట్టను గురించిన అవగాహన అసంపూర్ణం! ఈ సంగతి విన్న విద్యార్థి ఒకడు నవ్వాడు. అప్పుడు మన చరిత్రలోని అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ గురించి చెప్పాను. 9వ శతాబ్దంలో కొర్డోబాలో ఆయన రెక్కలు కట్టుకుని ఎగిరినట్టు, దిగేటప్పుడు గాయపడినట్టు చరిత్రకారులు రాశారు. పక్షి దిగేటప్పుడు తోక చేసే పనిని ఆయన గమనించలేదన్నది వారు చెప్పిన కారణం. సృష్టి నుండి నేర్చుకునేవాడికి ఉండవలసిన తొలి గుణం వినయం. చూసింది సగమే కావచ్చునని తెలిసినవాడే మళ్లీ చూస్తాడు.

మరో హెచ్చరిక కూడా అవసరం. కుతుబ్ షాహీ గుమ్మటాల అడుగున తామర రేకులు విచ్చుకున్నట్టు చెక్కారు. చూడముచ్చటైన పని. అయితే రేకు ఆకారాన్ని తీసుకోవడం అలంకారం, చెట్టు చేసే పనిని తీసుకోవడం విద్య. మనకు రెండూ తగినవే. ఎండలో చెమటోడ్చే పిల్లవాడికి మాత్రం రెండోదే ముందు కావాలి.

చెరువు నేర్పే పొదుపు

సోమశిల దగ్గర పెన్నా నది కొండల నడుమ నుండి వెలుపలికి వచ్చి మైదానంలో అడుగు పెడుతుంది. అక్కడి జలాశయం 78 టీఎంసీల సామర్థ్యం గలది. అది కట్టక పూర్వమే ఈ సీమలో చెరువులున్నాయి. అనంతసాగరం చెరువు, ఆత్మకూరు చెరువు వంటివాటి కట్టల మీద నిలబడి చూస్తే పూర్వుల తెలివి అర్థమవుతుంది. నేల వాలును మార్చకుండా, దానికి అడ్డంగా వంపు తిరిగిన కట్ట వేశారు. నిండితే నీరు కలుజు మీదుగా పొర్లిపోతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు కలుజు దాటిన నీరు కింది చెరువుకు చేరుతుంది. పై ఊరు వదిలిన నీరు కింది ఊరికి జీవనాధారం. ఒకచోట మిగిలినది మరోచోట అవసరమవుతుంది, వృథా అనే మాటకు చోటు లేదు.

ఇప్పుడు మన మస్జిద్‌ల వుజూఖానాల సంగతి చూద్దాం. రోజుకు ఐదు పూటలు ఎంతమంది వుజూ చేస్తారో, ఎన్ని బిందెల నీరు కాలువలో కలుస్తుందో ఎవరైనా లెక్కించారా? వుజూలోనూ నీటిని దుబారా చేయరాదని నేర్చుకున్న సముదాయం మనది. వుజూ నీరు పారే కాలువ ఒక చెట్టు పాదులోకి, అక్కడ మిగిలినది ఇంకుడు గుంతలోకి చేరితే అది చిన్న గొలుసు చెరువే.

పడమటి గోడ

ఇంత దూరం నడిచింది ఈ మాట కోసమే. మన ప్రాంతంలో ఖిబ్లా పడమర, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. మే నెలలో సూర్యుడు అస్తమించే దిక్కు కూడా ఇంచుమించు అదే. అంటే ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో సాయంత్రపు సూర్యుడు నేరుగా కాల్చేది మన మిహ్రాబ్ గోడనే. అస్ర్ వేళకు కాగి, మగ్రిబ్ తరువాత కూడా ఆ గోడ వేడిని లోపలికి వదులుతూ ఉంటుంది. ఇమాముకు, మొదటి వరుసలోని వృద్ధులకు ఆ సెగ తగులుతుంది. మనం ఫ్యాన్లు పెంచుతాము, తరువాత ఏసీ కోసం చందాలు వసూలు చేస్తాము. గోడ వెనుక రెండు కానుగ చెట్లు, ఒక వేప చెట్టు ఉంటే ఏమవుతుందో ఆలోచించము.

మదర్సాల పరిస్థితి ఇంకా దయనీయం. చాలాచోట్ల పిల్లలు కూర్చునేది రేకుల కప్పు కింద. జుహర్ నమాజు తరువాత పాఠం అప్పజెప్పలేక కళ్లు మూతపడే పిల్లవాణ్ణి సోమరి అనడం న్యాయమా? వాడి తల మీద కాగుతున్న రేకును ముందు చూడాలి. ఒక ఊరిలో మస్జిద్ ఆవరణను సిమెంటు చేయడం కోసం పెద్ద వేప చెట్టును కొట్టివేశారు. ఆ ఊరి పేరు చెప్పను. ఆ తరువాత వచ్చిన వేసవిలో ఆవరణలో బట్ట పందిరి వేయవలసి వచ్చింది.

“పిల్లలు ఖుర్ఆన్ కంఠస్థం చేయడానికి వస్తారు, పుట్టలు చూడడానికి కాదు” అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మాటలోని ఆందోళనను గౌరవిస్తాను. హిఫ్జ్‌కు ఆటంకం కలగరాదు. అయితే ఆ పిల్లలు కంఠస్థం చేస్తున్న సూరాల పేర్లే తేనెటీగ, చీమ, సాలీడు! పేరు నోటికి వచ్చి ప్రాణి కంటికి కనబడకపోతే ఆ పాఠం పూర్తయినట్టా?

దైవప్రవక్త (స) మదీనాలో కట్టిన మస్జిద్‌ను గుర్తు తెచ్చుకోండి. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు. దాని వెనుక నీడ కల్పించిన అరుగే సుఫ్ఫా. మన మదర్సాలన్నిటికీ మూలం ఆ నీడే. అక్కడ ఏది దొరుకుతుందో, ఆ నేల ఏది అడుగుతుందో దానితోనే కట్టారు. మనం మళ్లీ మట్టి ఇళ్లకు పోవాలని దీని అర్థం కాదు. కాంక్రీటుతో కట్టినా ఆలోచనతో కట్టవచ్చు.

కట్టడం తలపెట్టిన కమిటీలకు నా విన్నపాలు కొన్నే. పడమటి గోడ వెనుక, పునాదికి వేళ్లు తగలనంత దూరంలో నీడ చెట్లు నాటండి. తూర్పు గోడ పైభాగాన వేడి గాలి పోయే వెంటిలేటర్లు పెట్టి, జాలీ బిగించి, ఇషా నుండి ఫజ్ర్ వరకు తెరిచి ఉంచండి. పుట్ట వలె కట్టడం కూడా రాత్రి ఊపిరి తీసుకోవాలి. స్లాబు మీద ప్రతి వేసవికి ముందు తెల్ల సున్నం పూయించండి. రేకుల కప్పు తప్పనిసరైతే దాని కింద వెదురు తడక కట్టి, రెండింటి మధ్య గాలి ఆడే ఖాళీ వదలండి. కిటికీలకు సజ్జా వేయండి. వుజూ నీటిని చెట్లకు మళ్లించండి. ఇవేవీ లక్షల ఖర్చుతో కూడినవి కావు.

ఇళ్లలో ఉన్న తల్లులకు ఒక మాట. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు గిజిగాడి గూడును చూపించండి. గడ్డిపోచలతో అల్లిన ఆ గూటి ద్వారం కిందికి ఎందుకుందో, అది నీటి మీదికి వంగిన కొమ్మకే ఎందుకు వేలాడుతోందో అడగండి. జవాబు వెంటనే చెప్పకండి. ‘ఎలా’ అన్న ప్రశ్నను ఒక రాత్రి పిల్లవాడి మనసులో ఉండనివ్వండి.

ఒక ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మీ ఊరి మస్జిద్ విస్తరణకు చందా అడగడానికి వచ్చినవారికి సంతోషంగా ఇవ్వండి. ఇచ్చే ముందు నక్షా తెరిపించి, “మిహ్రాబ్ వెనుక ఏ చెట్టు నాటుతున్నారు?” అని మర్యాదగా అడగండి. నలుగురు అడిగితే నక్షా మారుతుంది. మన పిల్లలు చల్లని నీడలో కూర్చుని తన వాక్కును పఠించే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.